పల్మనరీ హైపర్‌టెన్షన్: రక్తనాళాల దెబ్బ, గుండెజబ్బు, రొద్దం పరిసరాలు

పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటే గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం మోసే పుపుస ధమనిలో పోటు పెరగడం. ఆరోగ్యవంతుల్లో, విశ్రాంతిగా ఉన్నప్పుడు, ఈ ధమనిలో సగటు పీడనం 14 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. 1973లో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన సమావేశం నాటి నుంచి 25ను హద్దుగా పెట్టుకున్నారు. 2018లో నిపుణులు దాన్ని 20కి దించారు, 2022 ఐరోపా మార్గదర్శకాలు అదే ఖాయం చేశాయి. దీన్ని ఒక జబ్బు అనడం కంటే, చాలా జబ్బులు చివరికి వచ్చి చేరే దశ అనడం సబబు. మూలం ఎక్కడున్నా దెబ్బ తినేది రక్తనాళం, బరువు మోసేది గుండె.

శ్రీ సత్యసాయి జిల్లాలో పెన్న ఒడ్డునున్న రొద్దంలో గానీ, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం పల్లెల్లో గానీ, ఆయాసమని ఎవరైనా వెళ్తే ముందు చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు. ఆ పట్టీకి తెలిసేది ఎడమ గుండె ఒళ్లంతటికీ పంపే రక్తం పోటు ఒక్కటే. కుడి గుండెకీ ఊపిరితిత్తులకీ మధ్య తిరిగే రక్తం వేరే వలయం. అందులో పోటు నాలుగింతలైనా చేతి మీద 120/80 చూపించవచ్చు. దాంతో ‘బీపీ బాగానే ఉంది, రక్తం తక్కువ, గ్యాస్ పట్టింది’ అని మాత్రలు రాసి పంపడం జరుగుతుంది. పెద్దాసుపత్రులున్న దేశాల్లో కూడా మొదటి లక్షణానికీ సరైన రోగనిర్ధారణకీ మధ్య సగటున రెండేళ్లకు పైనే గడుస్తోందని రోగుల నమోదు పట్టికలు చెబుతున్నాయి. మన పల్లెల్లో అంతకంటే తొందరగా తేలుతుందనుకోవడానికి కారణమేదీ కనిపించదు.

లోపొర

ప్రతి రక్తనాళానికీ లోపలివైపు ఒకే కణం మందాన ఒక పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. రక్తంలోని చక్కెరైనా, పొగలోని విషమైనా, సూక్ష్మజీవైనా ముందు తగిలేది దానికే. చాలాకాలం దాన్ని ఉత్త పూతగానే చూశారు. అది రసాయనాలు తయారుచేస్తుందని తర్వాత తెలిసింది. నైట్రిక్ ఆక్సైడ్, 1976లో బయటపడ్డ ప్రోస్టాసైక్లిన్ నాళాన్ని వదులు చేస్తాయి, గడ్డలు కట్టనివ్వవు. 1988లో జపాన్‌లో కనుగొన్న ఎండోథీలిన్ నాళాన్ని బిగిస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ మీద పనికి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మూడింటి పొత్తు కుదిరినంతకాలం నాళం అవసరాన్ని బట్టి వదులవుతూ బిగుస్తూ ఉంటుంది.

రక్తం పారే తీరు కూడా ఇందులో భాగమే. ప్రవాహం సాఫీగా సాగే చోట లోపొర కణాలు దాని దిశలో వరుసగా సర్దుకుని నైట్రిక్ ఆక్సైడ్‌ను బాగా తయారుచేస్తాయి. ధమని రెండుగా చీలే చోట, వంపుల దగ్గర ప్రవాహం సుడులు తిరుగుతుంది. గుండె ధమనుల్లో, మెడ ధమనుల్లో కొవ్వు పేరుకునేది ఎక్కువగా అలాంటి చోట్లే. సాఫీ ప్రవాహం అల్లకల్లోలంగా ఎలా మారుతుంది, తిరిగి ఎలా సద్దుమణుగుతుంది అనే ప్రశ్నల మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త రొద్దం నరసింహ (1933–2020) పూర్వీకులది ఈ రొద్దమే. ఆయన లెక్కలు గాలికీ మేఘాలకూ సంబంధించినవి. నాళంలో రక్తాన్ని అర్థం చేసుకోవడానికి వాడేదీ ఆ శాస్త్రాన్నే కాబట్టి ఆయన్ని ఇక్కడ తలుచుకోవడం అసందర్భం కాదు.

ఊపిరితిత్తుల్లోని సన్నని ధమనుల్లో లోపొర చెడినప్పుడు ముందుగా వదులు చేసే రసాయనాలు తగ్గి, బిగించేది పెరుగుతుంది. నాళం బిగుసుకుంటుంది. బిగువు నెలల తరబడి నిలిస్తే గోడలోని కండర కణాలు పెరిగి మందమవుతాయి. లోపొర కణాలు కూడా అదుపు తప్పి పెరిగి, సందును అల్లిబిల్లి చుట్టలతో పూడ్చేస్తాయి. మిగిలిన సందులో చిన్న గడ్డలు కట్టుకుంటాయి. గొట్టం వ్యాసార్ధం సగమైతే ప్రవాహానికి అడ్డు 16 రెట్లవుతుందనేది పాత భౌతికశాస్త్ర సూత్రం. నాళం కొద్దిగా సన్నబడినా గుండెకు అంత బరువెందుకో దీన్నిబట్టే తెలుస్తుంది. అయితే ఊపిరితిత్తుల్లో నాళాలు అవసరానికి మించి ఉంటాయి. సగానికి పైగా చెడిపోయేదాకా విశ్రాంతి వేళ పీడనం పెద్దగా పెరగదు. లక్షణాలు ఆలస్యంగా బయటపడేది అందుకే.

1958లో హీత్, ఎడ్వర్డ్స్ ఈ మార్పులను సూక్ష్మదర్శినిలో చూసి ఆరు మెట్లుగా విభజించారు. మొదటి మెట్లలో ఉన్న నాళం కారణం తీసేస్తే మళ్లీ కోలుకుంటుంది, పైమెట్లకు చేరితే కోలుకోదు. ఈ జబ్బులో వైద్యుడి తొందరంతా ఆ రెండింటి నడుమ ఉన్న గీత గురించే.

వంశపారంపర్యంగా వచ్చే రకం అరుదు. ఆ కుటుంబాల్లో ఎక్కువమందికి బీఎంపీఆర్2 అనే జన్యువులో లోపం ఉంటుందని 2000లో తేలింది. ధమనులకు బదులు సన్నని సిరలు పూడుకుపోయే మరో రకానికి కారణమైన జన్యువు 2014లో దొరికింది. ఆ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. మేనరికాలు ఇంకా జరుగుతున్న రాయలసీమలో కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి. మందుల వల్ల కూడా ఈ జబ్బు రావచ్చు. 1960ల చివర్లో స్విట్జర్లాండ్, జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆకలి చంపి సన్నబడటానికి వాడిన అమినోరెక్స్ అనే మందు ఎంతోమందికి దీన్ని తెచ్చిపెట్టాక గానీ దాన్ని బజారు నుంచి తీసేయలేదు.

కుడి గుండె

కుడి జఠరిక గోడ మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు, ఎడమదాని మందం అంతకు రెండు మూడు రెట్లు. రెండూ నిమిషానికి పంపేది దాదాపు 5 లీటర్ల రక్తమే. ఊపిరితిత్తుల నాళాల్లో అడ్డు తక్కువ కాబట్టి కుడిదానికి పలుచని గోడ సరిపోతుంది. అడ్డు పెరిగినప్పుడు అది ముందు కండ పెంచుకుని నెట్టుకొస్తుంది, ఆ తర్వాత సాగిపోతుంది. సాగిన జఠరిక మధ్యగోడను ఎడమవైపుకు నెడుతుంది. ఎకోలో, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్‌లో, గుండ్రంగా కనబడాల్సిన ఎడమ జఠరిక అరచంద్రంలా నొక్కుకుపోయి కనిపిస్తుంది. దానికి రక్తం నిండే చోటే తగ్గిపోతుంది. అందుకే మెదడుకు రక్తం చాలక కళ్లు తిరుగుతాయి. వెనక్కి తన్నిన రక్తంతో కాలేయం ఉబ్బుతుంది, కాళ్లలో, పొట్టలో నీరు చేరుతుంది.

‘మిట్ట ఎక్కితే ఎగపోస్తోంది’, ‘బిందె ఎత్తితే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి’, ‘పొద్దుగూకేసరికి కాళ్లు పొంగుతున్నాయి’. ఈ మూడు మాటలూ ఒకే మనిషి నోటి నుంచి వస్తే, చేతి బీపీ ఎంత ఉన్నా సరే, కుడి గుండెను అనుమానించాలి. రోగి ఎంతకాలం బతుకుతాడనేది పుపుస ధమనిలోని పోటు కంటే ఆ పోటును కుడి జఠరిక ఎంతవరకు తట్టుకుంటుందనే దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. జబ్బు ముదిరి గుండె చతికిలబడినప్పుడు పుపుస ధమని పీడనం తగ్గినట్టు కనిపించడం కూడా ఉంది. అది మెరుగు కాదు.

ఈ ప్రాంతంలో కారణాలు

అంతర్జాతీయ వర్గీకరణలో ఐదు గుంపులున్నాయి: ధమనుల సొంత జబ్బు, ఎడమ గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, పాత గడ్డలు, ఇతరాలు. పుస్తకాలు ఎక్కువ పేజీలిచ్చేది మొదటిదానికి. ఆసుపత్రి వరండాలో ఎక్కువగా కనిపించేది రెండోది, మూడోది.

మన దేశంలో ఎడమ గుండెజబ్బు అనగానే రుమాటిక్ కవాటాల మాట రాక తప్పదు. చిన్నప్పుడు స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతునొప్పి, తర్వాత రుమాటిక్ జ్వరంతో కీళ్లవాపు, ఆ వెనక మైట్రల్ కవాటం బిగుసుకుపోవడం. కవాటం దాటలేని రక్తం ఎడమ కర్ణికలో నిలిచి, ఆ ఒత్తిడి సిరల మీదుగా ఊపిరితిత్తుల ధమనులకు ఎక్కుతుంది. మొదట అది ఒట్టి వెనుకపోటే. ఏళ్లు గడిస్తే ధమనులే మందమవుతాయి. పాశ్చాత్య దేశాల్లో కవాటం బిగుసుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. మన దగ్గర 20 ఏళ్లలోపు పిల్లల్లోనే ముదిరిన కేసులు కనిపిస్తాయని ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన ఎస్.బి. రాయ్ బృందం 1963లో లాన్సెట్‌లో రాసింది. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరు 22న మొదలైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. రొద్దం చుట్టుపక్కల వాళ్లకు కవాటం మార్చుకోవడమంటే ముందు గుర్తొచ్చే చోటు అదే.

పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న పిల్లల్లో దెబ్బ ఇంకోలా తగులుతుంది. ఎడమవైపు రక్తం రంధ్రం గుండా కుడివైపుకు దూకి ఊపిరితిత్తుల్ని ముంచెత్తుతుంది. ఆ ఉధృతికి లోపొర చెడి, కొన్నేళ్లకు నాళాలు పూడి, చివరికి రక్తం ఎదురుదిక్కుగా తిరుగుతుంది. పెదాలు, గోళ్లు నీలమవుతాయి. 1897లో విక్టర్ ఐసెన్‌మెంగర్ ఈ స్థితిలోని రోగి గురించి రాశాడు, ఆయన పేరు దానికి పెట్టింది 1958లో పాల్ వుడ్. అక్కడిదాకా వచ్చాక రంధ్రం మూస్తే మేలు జరగదు సరికదా, కుడి గుండెకున్న ఒక్క దారీ మూసినట్టవుతుంది. రంధ్రం మూయడానికి సమయం చిన్నతనంలోనే. పేదలకు ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వమే భరించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి అనంతపురం ఒకటి.

పొగ సంగతి ఆడవాళ్లకు బాగా తెలుసు. కంపకట్టెలు, వేరుశనగ పొట్టు పెట్టి ఊదే పొయ్యి ముందు పాతికేళ్లు కూర్చున్న ఊపిరితిత్తులు బీడీ తాగినవాళ్లవిలా చెడిపోతాయి. ఊపిరితిత్తుల్లో ఏ భాగానికి గాలి సరిగా అందదో అక్కడి ధమని బిగుసుకుంటుంది. రక్తాన్ని గాలి ఉన్న చోటికి మళ్లించే ఈ ఏర్పాటును 1946లో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ చూపించారు. గాలి అందని చోట్లు అన్ని మూలలా ఉంటే బిగువు కూడా అన్ని మూలలా వస్తుంది. 1959లో ఎస్. పద్మావతి, ఎస్.ఎన్. పాఠక్ ఢిల్లీ రోగుల్లో ఊపిరితిత్తుల వల్ల చెడిన కుడి గుండెల గురించి సర్క్యులేషన్ పత్రికలో రాశారు. పొగతాగని ఆడవాళ్లు అందులో అంతమంది ఎందుకున్నారన్న ప్రశ్న వాళ్లను వంటింటి పొయ్యి దగ్గరికి తీసుకెళ్లింది. ఉమ్మడి ఆంధ్రలో 1999 నాటి దీపం పథకం, 2016 నాటి ఉజ్జ్వల ఇళ్లకు గ్యాసు తెచ్చాయి. సిలిండర్ ఖాళీ అయిన రోజున కట్టెల పొయ్యే దిక్కవుతున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి.

క్షయ మందులతో నయమైనా అది మిగిల్చిన మచ్చల్లో నాళాలు తిరిగి మొలవవు. మందుల కోర్సు పూర్తయ్యాక కూడా ఆయాసం వదలనివాళ్లకు ఎకో తీయించడం అవసరం. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో సుమారు 200 మందిలో ఒకరికి పుపుస ధమనుల జబ్బు వస్తుంది. ధర్మవరం దగ్గరి బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి పెద్దసంఖ్యలో హెచ్ఐవీ రోగులను చూస్తుంది కాబట్టి ఆ లెక్కకు ఇక్కడ అర్థముంది. కాలి సిరల్లో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, కరగకుండా మచ్చకట్టి నాళాలను మూసేసే రకం మరొకటి. కోవిడ్ తర్వాత గడ్డల గురించి జనానికి కొంత తెలిసింది.

ఇక ఒళ్లంతటి నాళాలను చెడగొట్టే చక్కెర, బీపీ, పొగాకు. ఇవి గుండె ధమనుల్లో కొవ్వు గడ్డలు కట్టించి గుండెపోటు తెస్తాయి, ఎడమ జఠరికను గట్టిపరిచి ఊపిరితిత్తుల మీదికి వెనుకపోటు నెడతాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో జరిగిన మరణాలను పరిశీలిస్తే దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. పట్నపు జబ్బు అనే మాటకు అప్పుడే కాలం చెల్లింది.

పాలు తాగే పసిబిడ్డలు

ఈ సీమకు బాగా దగ్గరి సంగతి ఇది. రెండు మూడు నెలల బిడ్డ, తల్లిపాలు తప్ప ఇంకేమీ ఎరగదు, పుట్టినప్పుడు బాగానే ఉంది. ఒకరోజు పాలు కక్కుతుంది, గొంతు బొంగురుపోతుంది, ఊపిరి ఎగబోస్తుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము అనుకుని తీసుకొస్తారు. ఎకోలో కుడి గుండె ఉబ్బి, పుపుస ధమనిలో పోటు విపరీతంగా ఉంటుంది. రంధ్రం లేదు, కవాటం బాగుంది. సిరలోకి థయమిన్, అంటే బీ1 విటమిన్ ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లో బిడ్డ పాలకు వెతుక్కుంటుంది, కొన్ని వారాల్లో ఎకో మామూలవుతుంది.

బెంగళూరు జయదేవ హృద్రోగ సంస్థ వైద్యులు ఇలాంటి వందల పసిబిడ్డల అనుభవాన్ని 2021లో ప్రచురించారు. హైదరాబాదు పిల్లల వైద్యులు కూడా ఇలాంటి కేసుల వరుసను 2020లో వెలువరించారు. రెండుచోట్లా తల్లుల తిండి ఒకటే: బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం, పైగా బాలింత పథ్యం. బియ్యం పలుమార్లు కడిగి, గంజి వార్చి, ఆకుకూర వద్దు, పప్పు వద్దు, చారన్నం చాలు అంటూ పెట్టే కూడులో థయమిన్ మిగలదు. తల్లి పాలలోనూ ఉండదు. థయమిన్ లేకుంటే కణాలు చక్కెరను పూర్తిగా శక్తిగా మార్చుకోలేవు, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఊపిరితిత్తుల ధమనులను బిగించేవాటిలో ఆమ్లత ఒకటి. ఇక్కడ నాళం బిగిసింది, ఇంకా పూడలేదు. అందుకే సూదిమందుతో తిరిగొస్తుంది.

రాగిసంగటి, కొర్రలు, జొన్నరొట్టె తిన్న అనంతపురం పల్లెల్లోకి తెల్లబియ్యం రోజువారీ తిండిగా రావడానికి 1983 నాటి రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఒక పెద్ద కారణం. ఆకలి తీర్చినందుకు దాన్ని తప్పుపట్టలేం. 2021లో ప్రకటించి దశలవారీగా రేషన్ దుకాణాలకు తెచ్చిన బలవర్ధక బియ్యంలో తప్పనిసరిగా కలపాల్సినవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12. థయమిన్ కలపడం ఐచ్ఛికం. ఆ జాబితా రాసినవాళ్లు రక్తహీనత గురించి ఆలోచించారు, బాలింత పథ్యం గురించి ఆలోచించినట్టు లేదు.

కనిపెట్టడం

స్టెతస్కోపుతో రెండో గుండెచప్పుడు గట్టిగా వినబడటం, ఈసీజీలో కుడివైపు ఒత్తిడి గుర్తులు అనుమానానికి చాలు. తర్వాతి మెట్టు ఎకో. ఎకో పీడనాన్ని నేరుగా కొలవదు. ట్రైకస్పిడ్ కవాటం గుండా వెనక్కి లీకయ్యే రక్తపు ధార వేగం నుంచి లెక్కకడుతుంది. వేగాన్ని దానితోనే గుణించి, నాలుగింతలు చేస్తారు. ధార సెకనుకు 3.5 మీటర్లుంటే 49 వస్తుంది. దానికి కుడి కర్ణికలోని పీడనం, సుమారు 10 అనుకుంటే, కలిపి 59 మిల్లీమీటర్లు. ఇది సగటు కాదు, గుండె బిగిసినప్పటి పైపోటు. వేగం 2.8 మీటర్లు దాటితే అనుమానించమంటారు. రిపోర్టులో ఆ ఒక్క సంఖ్య చూసి జీవితకాలపు మందులు మొదలుపెట్టకూడదు, ఎందుకంటే లెక్క తప్పే అవకాశం చాలానే ఉంది.

ఖాయం చేసేది తొడ లేదా మెడ సిర గుండా కుడి గుండెలోకి గొట్టం పంపి కొలిచే పరీక్ష. 1929లో జర్మన్ యువ వైద్యుడు ఫోర్స్‌మన్ తన చేతి సిరలోంచి తన గుండెలోకే గొట్టం తోసుకుని ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ దారిని శాస్త్రంగా మలచిన కూర్నాన్, రిచర్డ్స్‌తో కలిపి ఆయనకు 1956లో నోబెల్ ఇచ్చారు. ఎడమ గుండె వెనుకపోటు ఎంత, ధమనుల సొంత అడ్డు ఎంత అన్నది ఈ పరీక్షే విడదీసి చెబుతుంది. మందు ఎంచుకోవడం దాని మీదే ఆధారపడుతుంది.

చికిత్స

కారణాన్ని తీసేయగలిగితే ముందు అదే. బిగుసుకున్న మైట్రల్ కవాటాన్ని బెలూన్‌తో తెరిచే పద్ధతిని 1984లో జపాన్ వైద్యుడు ఇనోయె వెలువరించాడు. సమయానికి చేస్తే ఊపిరితిత్తుల పోటు దిగుతుంది. అంతకంటే ముందే, రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు 21 రోజులకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ సూది వేస్తూ పోవాలి. కవాటం చెడినవాళ్లకు కనీసం పదేళ్లు లేదా 40 ఏళ్ల వయసు వచ్చేదాకా, రెండిట్లో ఏది ఎక్కువకాలమైతే అంతవరకు. ఇంత చవకైన మందు మధ్యలో ఆగిపోయేది ఖర్చు వల్ల కాదు, ‘బాగయ్యాడు కదా’ అనుకోవడం వల్ల. పాత గడ్డలను ఆపరేషన్‌తో ఒలిచి తీయవచ్చు. ఒంటిని 20 డిగ్రీల దాకా చల్లబరిచి చేసే ఆ పెద్ద ఆపరేషన్‌కు ఇక్కడివాళ్లు వెళ్లేది బెంగళూరే. ఆక్సిజన్ బాగా తగ్గిన ఊపిరితిత్తుల రోగులకు రోజుకు కనీసం 15 గంటల ఆక్సిజన్, నీరు పట్టినవాళ్లకు మూత్రం జారీచేసే మాత్రలు.

ధమనుల సొంత జబ్బుకు మందుల చరిత్రలో హైదరాబాదుకు ఒక చోటుంది. నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావాన్ని నిలిపి ఉంచే సిల్డెనాఫిల్‌ను అప్పటికి వేరే అవసరానికి అమ్ముతున్నారు. ప్రోస్టాసైక్లిన్ మందు ఎపోప్రోస్టెనాల్ 1995లోనే అమెరికాలో వచ్చినా, దాన్ని రాత్రింబవళ్లు సిరలోకి ఎక్కిస్తూనే ఉండాలి, మనవాళ్లకు అందే ధర కాదు. కేర్ ఆసుపత్రిలో బి.కె.ఎస్. శాస్త్రి, సి. నరసింహన్, ఎన్. కృష్ణారెడ్డి, బి. సోమరాజు 22 మంది రోగులకు కొన్ని వారాలు సిల్డెనాఫిల్, కొన్ని వారాలు ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఏది ఏదో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. ట్రెడ్‌మిల్ మీద నడవగలిగిన సమయం 475 సెకన్ల నుంచి 686కు పెరిగింది. విచిత్రమేమంటే పుపుస ధమని పైపోటు అంతగా తగ్గలేదు. గుండె పంపే రక్తమే పెరిగింది. 2004లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ఇది అచ్చయింది. 278 మందితో చేసిన అంతర్జాతీయ పరీక్ష, అమెరికా అనుమతి ఆ మరుసటి ఏడు వచ్చాయి. రోగి ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడుతుంటే ఈ మందు ఇవ్వకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

2024లో అమెరికాలో అనుమతి పొందిన సొటటెర్సెప్ట్ దారి వేరు. నాళాన్ని వదులు చేయడంతో ఆగకుండా, అదుపు తప్పిన కణాల పెరుగుదలనే అడ్డుకోవడానికి తయారుచేసిన మందు అది. హీత్, ఎడ్వర్డ్స్ పైమెట్ల మీద ఉంచిన నాళాలను కూడా వెనక్కి తేగలదా అన్నది ఇప్పటి పరిశోధనల్లోని ప్రశ్న.

పెళ్లయిన యువతుల్లో ఒక జాగ్రత్త ఉంది. గర్భంతో పెరిగే రక్తాన్ని ఈ కుడి గుండె మోయలేదు. కాన్పు సమయంలోనూ, ఆ తర్వాతి రోజుల్లోనూ తల్లి ప్రాణానికి ముప్పు చాలా ఎక్కువ కాబట్టి గర్భం వద్దనే మార్గదర్శకాలు చెబుతాయి. బోసెంటాన్ వంటి ఎండోథీలిన్ నిరోధకాలు కడుపులోని బిడ్డకు లోపాలు తెస్తాయి. వాటిని మొదలుపెట్టే ముందు గర్భపరీక్ష, వాడినంతకాలం నెలనెలా పరీక్ష చేయించాలి. బోసెంటాన్ గర్భనిరోధక మాత్రల బలాన్ని కూడా తగ్గిస్తుంది కాబట్టి ఆ మాత్రల మీదే ఆధారపడకుండా వేరే పద్ధతి కూడా వాడాలి.